ఆటలకూ పనికీ ఒకే కంప్యూటర్ చాలు

సంపాదకులకు నమస్కారం.

పిల్లల కోసం గేమింగ్ కంప్యూటర్ ఎంచుకోవడం గురించి మీ సాంకేతిక పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. ప్రాసెసర్ గురించి, గ్రాఫిక్స్ కార్డు గురించి చక్కగా వివరించారు. అయితే ఇంట్లో పెద్దవాళ్లు కూడా అదే కంప్యూటర్ మీద ఉద్యోగం పని చేసుకునేట్టయితే రెండో మెషీన్ కొనుక్కోవడమే క్షేమమని చివర్లో ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ ఒక్క ముక్క చదివి ఎంతమంది అనవసరంగా ఖర్చులోకి దిగుతారో అనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఇంటి నుంచే డేటా విశ్లేషణ పని చేస్తాను. పైథాన్, ఆర్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, ఇవి నా రోజువారీ పనిముట్లు. మా అబ్బాయికి పదహారేళ్లు, వాడికి గేమ్స్ అంటే ప్రాణం. ఇద్దరికీ కలిపి ఉన్నది ఒక్కటే కంప్యూటర్. అందులో ఒక డిస్క్ మీద విండోస్ ఉంది, అది వాడిది. ఇంకో డిస్క్ మీద ఉబుంటు లినక్స్ అనే, విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ (కంప్యూటర్‌ను నడిపించే మూల ప్రోగ్రామ్) ఉంది, అది నాది. ఆన్ చేసినప్పుడు ఏది కావాలో ఎంచుకుంటాం. డ్యూయల్ బూట్ అంటే ఇంతే. ఏళ్ల తరబడి ఇలాగే నడుస్తోంది. నా ఫైళ్ల జోలికి వాడి గేమ్ రాలేదు, వాడి గేమ్‌కు నా పని అడ్డం రాలేదు.

అసలు రెండు ఎందుకు, ఒక్క విండోస్ సరిపోదా అని అడిగేవాళ్లు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. విండోస్ లోపలే లినక్స్ నడుపుకునే డబ్ల్యూఎస్ఎల్ అనే సదుపాయం 2016 నుంచి ఉంది. ప్రోగ్రామింగ్ నేర్చుకునే విద్యార్థికి చాలాసార్లు అదే సరిపోతుంది. అలాంటివాళ్లు డ్యూయల్ బూట్ జోలికి వెళ్లకపోయినా నష్టం లేదు. పోనీ ఒక్క లినక్స్ సరిపోదా అంటే, గేమ్స్ విషయంలో అది మునుపటి లినక్స్ కాదు. 2018లో వాల్వ్ సంస్థ ప్రోటాన్ అనే పొరను విడుదల చేశాక విండోస్ కోసం తయారైన వేలాది గేమ్స్ లినక్స్ మీద ఆడుకోగలుగుతున్నాం. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి గేమింగ్ యంత్రం నడిచేది లినక్స్ మీదే. కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 నేరుగా లినక్స్‌కే ఉన్నాయి. ఎల్డెన్ రింగ్ ప్రోటాన్ ద్వారా హాయిగా నడుస్తుంది. ఒంటరిగా ఆడుకునే గేమ్స్ మాత్రమే ఇష్టపడే వాళ్లకు విండోస్ అవసరం లేకుండానే గడిచిపోవచ్చు.

చిక్కంతా జట్టుగా, పోటీగా ఆడే ఆన్‌లైన్ గేమ్స్‌తో వస్తుంది. మోసం చేసి గెలిచేవాళ్లను పట్టుకోవడానికి ఈ గేమ్స్‌లో యాంటీ చీట్ అనే కాపలా ప్రోగ్రామ్ ఉంటుంది. వాలరెంట్‌లో ఉన్న వాన్‌గార్డ్ లినక్స్ మీద నడవదు. ఫోర్ట్‌నైట్ కూడా అంతే. ఏపెక్స్ లెజెండ్స్ మొదట్లో నడిచేది, 2024 అక్టోబరు చివర్లో ఆ కంపెనీ లినక్స్ ఆటగాళ్లకు తలుపు మూసేసింది. అదే ఏడాది సెప్టెంబరులో జీటీఏ ఆన్‌లైన్ కూడా ఆ బాటే పట్టింది. స్నేహితులంతా ఆడుతున్న గేమ్ తన కంప్యూటర్‌లో మాత్రం తెరుచుకోకపోతే పదహారేళ్ల కుర్రాడికి ఎలా ఉంటుందో నాకు తెలుసు. "అమ్మా, వేరే గేమ్ ఆడుకో అనకు, వాళ్లంతా ఇందులోనే ఉన్నారు" అన్నాడు మా వాడు. ఆ మాటతో వాదించబుద్ధి కాలేదు. లినక్స్‌లో వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల ప్రోగ్రామ్‌గా నడిచే ఇంకో కంప్యూటర్) పెట్టి అందులో విండోస్ నడిపితే సరిపోతుందని సలహా ఇచ్చేవాళ్లున్నారు. వాన్‌గార్డ్ లాంటివి వర్చువల్ మెషీన్‌ను గుర్తుపట్టి ఆపేస్తాయి. కాబట్టి ఈ గేమ్స్ కావాలంటే నిజమైన విండోస్ కావాల్సిందే.

మీ వ్యాసంలో ప్రస్తావన కూడా లేని విషయం ఒకటి ఇక్కడే ఉంది. నేను డ్యూయల్ బూట్ పెట్టుకోవడానికి అసలు కారణం అదే. ఇలాంటి యాంటీ చీట్ ప్రోగ్రామ్‌లు చాలావరకు ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లో కూర్చుంటాయి. వాన్‌గార్డ్ అయితే కంప్యూటర్ ఆన్ అయిన దగ్గర్నుంచే మేలుకుని ఉంటుంది. ఇంటి అన్ని గదుల తాళంచెవులూ కాపలావాడి చేతికి ఇచ్చినట్టన్నమాట. ఆ కాపలావాడు చెడ్డవాడని నేను అనడం లేదు. మోసగాళ్లు కూడా అదే లోతులో దాక్కుంటున్నారు కాబట్టి గేమ్ కంపెనీలకు వేరే దారి లేకపోయింది. కానీ నా దగ్గర ఉన్నది నా సొంత డేటా కాదు. నన్ను నమ్మి ఇతరులు పంపిన రికార్డులు. వాటిని, అంత అధికారం ఉన్న ఒక గేమ్ కాపలా ప్రోగ్రామ్‌నూ ఒకే ఆపరేటింగ్ సిస్టమ్‌లో పక్కపక్కన పెట్టడం నాకు సమ్మతం కాదు. అందుకే బూట్‌కు కావాల్సిన చిన్న భాగాలు తప్ప నా లినక్స్ డిస్క్ అంతా లక్స్ అనే పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ అయి, అంటే రహస్య లిపిలోకి మారి, ఉంటుంది. ఆన్ చేయగానే పాస్‌వర్డ్ అడుగుతుంది. విండోస్ నడుస్తున్నప్పుడు అందులోని నా డేటా అర్థంకాని అక్షరాల కుప్ప తప్ప మరేమీ కాదు. విండోస్‌లోని ప్రోగ్రామ్‌లు దాన్ని చదవలేవు. చెరిపేయగలవా అంటే, చెరిపేయగలవు. అందుకని బ్యాకప్ బయటి డిస్క్‌లో ఉంటుంది, పని అయ్యాక ఆ డిస్క్ ఊడదీసి పక్కన పెడతాను.

రెండు కంప్యూటర్లు కొనమని మీ వ్యాసం చెప్పిన ఉద్దేశం కూడా పనిని, ఆటను ఇలా ఎడంగా ఉంచడమే అయి ఉంటుంది. ఆ ఎడంలో అధిక భాగం ఒకే కంప్యూటర్‌లో రెండు డిస్క్‌లతో వచ్చేస్తుందని నా మాట.

ఇక ఎలా చేయాలి అన్నది. ఇన్‌స్టలేషన్ గురించి జనం పడే టెన్షన్ అంతా దండగ. లినక్స్ ఇన్‌స్టాల్ చేయడం ఈ రోజుల్లో భాష, సమయం, పేరు, పాస్‌వర్డ్ చెప్పి కాసేపు కూర్చునే పని. ప్రమాదమంతా దానికి ముందు చేయాల్సినవి చేయకపోవడంలో ఉంది. ఆ ముందు పని గురించే ఎవరూ చెప్పరు. చెప్పినా ఒక వాక్యంలో దాటేస్తారు.

మా అన్నయ్య కొడుకు సంగతి చెబుతాను. కాలేజీ ప్రాజెక్టు కోసం వాడికి లినక్స్ కావాల్సి వస్తే, స్నేహితుడొకడు వాడి ల్యాప్‌టాప్ తీసుకుని కూర్చున్నాడు. బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లోకి, వెళ్లి సెక్యూర్ బూట్ ఆఫ్ చేశాడు. నమ్మకమైన సంతకం లేని ప్రోగ్రామ్‌తో కంప్యూటర్ మొదలుకాకుండా ఆపేది అది. తర్వాత విండోస్ తెరవబోతే నీలి తెర వచ్చి 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడిగింది. డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి తాళం వేసే విండోస్ సదుపాయం పేరే బిట్‌లాకర్. "అత్తా, నేను బిట్‌లాకర్ పెట్టుకోనేలేదు" అని ఏడుపు గొంతుతో ఫోన్ చేశాడు. వాడు పెట్టుకోకపోవడం నిజమే. కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డిస్క్ ఎన్‌క్రిప్షన్ తనంతట తానే ఆన్ అవుతుంది. విండోస్ 11లో 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి ఇది ఇంకా ఎక్కువ మెషీన్లకు విస్తరించింది, హోమ్ ఎడిషన్‌తో సహా. బూట్ అయ్యే తీరులో ఏదైనా మారితే, మెషీన్ దొంగ చేతిలో పడిందేమోనన్న అనుమానంతో కీ అడుగుతుంది. ఆ కీ మొదటిసారి లాగిన్ అయిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో భద్రంగా ఉంటుంది. మా మేనల్లుడికి ఆ అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తుండబట్టి ఫోన్‌లో తెరిచి కీ చూసుకున్నాడు, గండం గడిచింది. గుర్తులేకపోతే? అందులోని ఫొటోలు, ప్రాజెక్టు, అన్నీ అక్కడే ఉంటాయి, ఎవరూ తెరవలేరు. మైక్రోసాఫ్ట్‌ను అడిగినా వాళ్లూ ఆ కీ తయారు చేసి ఇవ్వలేరు.

అందుకే నా మొట్టమొదటి మాట ఇది. బయోస్‌లో ఒక్క మీట ముట్టుకోకముందే మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి ఆ 48 అంకెలూ కాగితం మీద రాసుకోండి. కంప్యూటర్‌లోనే ఫైలుగా దాచుకుంటే ఉపయోగం లేదు, తాళం పడేది దానికే కదా. తర్వాత ముఖ్యమైన ఫైళ్లన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేసి, అక్కడి నుంచి ఒకటి రెండు తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కపెట్టను.

రెండోది ఫాస్ట్ స్టార్టప్. 2012లో విండోస్ 8తో వచ్చిన ఈ సదుపాయం వల్ల, మనం షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా పడుకోదు. తన స్థితిలో కొంత భాగాన్ని డిస్క్ మీద రాసుకుని సగం నిద్రలోకి జారుకుంటుంది. ఆ స్థితిలో లినక్స్‌లోకి వెళ్లి విండోస్ డ్రైవ్ తెరిస్తే, చదవడానికి మాత్రమే అనుమతి వస్తుంది, లేదా అసలు తెరుచుకోదు. బలవంతంగా రాయడానికి చూస్తే ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి పవర్ బటన్ల సెట్టింగ్స్‌లో దీన్ని ఆపేయాలి. ఎస్ఎస్‌డీ అనే వేగంగా పనిచేసే డిస్క్ ఉన్న కంప్యూటర్‌లో ఇది ఆపినందువల్ల వచ్చే ఆలస్యం లెక్కలోకి రాదు.

మూడోది కొన్ని ల్యాప్‌టాప్‌లకే వర్తిస్తుంది కానీ, తగిలినవాళ్లను బాగా తిప్పలు పెడుతుంది. లినక్స్ ఇన్‌స్టాలర్‌కు అసలు డిస్క్ కనపడదు. డిస్క్ పాడైందని కంగారు పడతారు. చాలావరకు అది ఇంటెల్ ఆర్ఎస్‌టీ అనే సెట్టింగ్ వల్ల. బయోస్‌లో దాన్ని ఏహెచ్‌సీఐ అనే ఇంకో సెట్టింగ్‌కు మార్చాలి. కానీ నేరుగా మార్చేస్తే ఈసారి విండోస్ తెరుచుకోదు, బూట్ డివైస్ అందడం లేదని ఆగిపోతుంది. ముందు విండోస్‌ను సేఫ్ మోడ్‌లో (తప్పనిసరైనవి మాత్రమే నడిచే తీరులో) తెరుచుకునేలా పెట్టి, బయోస్‌లో మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ తర్వాత మామూలు పద్ధతికి రావాలి. ఈ క్రమం తెలియక విండోస్ మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకున్న వాళ్లను చూశాను.

ఇక డిస్క్ సంగతి. కంప్యూటర్‌లో రెండో ఎస్ఎస్‌డీకి చోటు ఉంటే దయచేసి రెండో ఎస్ఎస్‌డీయే పెట్టించుకోండి. ఒకే డిస్క్‌ను రెండుగా కోసుకోవడం కుదరదని కాదు. విండోస్‌లోనే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి ష్రింక్ వాల్యూమ్ నొక్కితే ఖాళీ జాగా విడిపోతుంది. ఆ పని విండోస్‌తోనే చేయించాలి, లినక్స్ ఇన్‌స్టాలర్‌తో కాదు. ఖాళీ బోలెడంత కనిపిస్తున్నా కొంచెమే కోయనిస్తే, పేజ్ ఫైల్, హైబర్నేషన్ ఫైల్ లాంటి కదలని ఫైళ్లు మధ్యలో కూర్చున్నాయని అర్థం. వాటిని తాత్కాలికంగా ఆపి మళ్లీ ప్రయత్నించాలి. కానీ ఈ రోజుల్లో ఒక్కో పెద్ద గేమ్ 100 జీబీ దాటిపోతోంది. ఉబుంటుకు కనీసం 25 జీబీ, విండోస్ 11కు కనీసం 64 జీబీ అని కాగితం మీద ఉంటుంది. గేమ్స్ ఆడే ఇంట్లో ఆ లెక్కలు నిలబడవు. నాలుగు గేమ్స్ పెట్టగానే మా వాడు నా వాటా వైపు చూడటం మొదలెడతాడు.

రెండు డిస్క్‌లుంటే జాగా కలిసిరావడమే కాదు, రెండింటి బూట్ ఫైళ్లు కూడా విడివిడిగా ఉంటాయి. కంప్యూటర్ ఆన్ అవ్వగానే మొదట చూసే ఈఎఫ్ఐ పార్టిషన్ అని ఒక చిన్న భాగం ఉంటుంది. విండోస్ తనకోసం తయారుచేసుకునేది తరచూ 100 ఎంబీయే. ఒకే డిస్క్ మీద అయితే రెండు సిస్టమ్‌లూ అందులోనే సర్దుకోవాలి. విడి డిస్క్‌లైతే దేనిది దానికే. ఒక డిస్క్ పాడైనా, ఊడదీసినా, రెండోది తన కాళ్ల మీద తను లేస్తుంది. ఇన్‌స్టాలర్‌లో డిస్క్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేయమనే ఆప్షన్ ఎంచుకోవడం కూడా అప్పుడే సులువు. ఇక్కడ ఒక్క జాగ్రత్త. విండోస్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రెండో డిస్క్ కేబుల్ తీసేసి ఉంచాలి. లేకపోతే విండోస్ ఒక్కోసారి తన బూట్ ఫైళ్లను తీసుకెళ్లి పక్క డిస్క్‌లో పెడుతుంది. అప్పుడు పేరుకు రెండు డిస్క్‌లున్నా ముడి విడదు. లినక్స్ ఇన్‌స్టాలర్ కూడా బూట్‌లోడర్‌ను (సిస్టమ్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్‌ను) ఎక్కడ పెడుతోందో ఒకసారి చూసుకోవాలి. వీలైతే ఆ సమయానికి విండోస్ డిస్క్ కేబుల్ తీసేయడం అన్నిటికన్నా నిశ్చింత. రెండూ కొత్తగా పెట్టుకునేవాళ్లు విండోస్ ముందు, లినక్స్ తర్వాత అన్న వరుస పాటించాలి. తర్వాత వచ్చిన విండోస్ బూట్ వరుసలో తనను తానే ముందు పెట్టుకుంటుంది.

సెక్యూర్ బూట్ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. లినక్స్ పెట్టాలంటే ముందు సెక్యూర్ బూట్ ఆఫ్ చేయాలి అన్న మాట ఇంకా ఎక్కడ పడితే అక్కడ వినిపిస్తోంది. పాత రోజుల సలహా అది. ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్‌లు సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండగానే ఇన్‌స్టాల్ అవుతాయి, నడుస్తాయి. వాటి మొదటి బూట్ ఫైలు మీద మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది. గేమ్స్ కోసం విండోస్ ఉంచుకునేవాళ్లు దాన్ని ఆఫ్ చేస్తే అసలు ప్రయోజనమే దెబ్బతింటుంది. విండోస్ 11 మీద వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, సెక్యూర్ బూట్ రెండూ ఆన్‌లో ఉండాలి. 2025 అక్టోబరులో వచ్చిన బ్యాటిల్‌ఫీల్డ్ 6 కూడా సెక్యూర్ బూట్ అడుగుతుంది. ఆఫ్ చేసి లినక్స్ పెట్టుకుని, సాయంత్రం పిల్లవాడు గేమ్ తెరిస్తే ఎర్రర్ వస్తుంది. అప్పుడు మళ్లీ బయోస్, మళ్లీ బిట్‌లాకర్ కీ, ఇంట్లో మళ్లీ గొడవ.

సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండగా ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్లకు ఒక మెట్టు ఎక్కువ పడొచ్చు. ఆ కార్డును నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్ పెట్టేటప్పుడు ఒక తాత్కాలిక పాస్‌వర్డ్ ఇమ్మని అడుగుతుంది. రీస్టార్ట్ అయినప్పుడు నీలి తెర మీద ఏదో ఒక కీ నొక్కమని పది సెకన్లు ఎదురుచూస్తుంది. వైరస్ అనుకుని చాలామంది దాన్ని వదిలేస్తారు. అక్కడ కీ నొక్కి, ఎన్‌రోల్ ఎంఓకే అన్నది ఎంచుకుని, ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. అది చేయకపోతే డ్రైవర్ లోడ్ కాదు, స్క్రీన్ మసకగా, నత్తనడకగా ఉంటుంది, తప్పంతా లినక్స్ మీద పడుతుంది.

ఇన్‌స్టాల్ చేయడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఉబుంటు ఫైలును రూఫస్ లాంటి ప్రోగ్రామ్‌తో ఎక్కించి, దాని నుంచి బూట్ చేయడమే. ఇన్‌స్టాల్ నొక్కకుండా ముందు పెన్‌డ్రైవ్ మీదే కాసేపు నడిపి చూడండి. వైఫై పట్టుకుంటోందా, శబ్దం వస్తోందా, మూత మూసి తెరిస్తే నిద్ర లేస్తోందా చూసుకోండి. అక్కడ పని చేయనిది ఇన్‌స్టాల్ చేశాక దానంతటదే బాగుపడుతుందని ఆశ పెట్టుకోవద్దు.

తర్వాత వచ్చే చిన్న చికాకుల్లో మొదటిది గడియారం. లినక్స్‌లో పని ముగించి విండోస్‌లోకి వెళ్తే టైమ్ తప్పుగా చూపిస్తుంది. మదర్‌బోర్డు మీది గడియారం స్థానిక సమయం చెబుతోందని విండోస్ అనుకుంటుంది, అంతర్జాతీయ సమయం చెబుతోందని లినక్స్ అనుకుంటుంది. ఇద్దరిలో ఒకరికి నచ్చచెబితే చాలు, లినక్స్‌లో ఒక్క కమాండ్‌తో అయిపోతుంది. టైమ్ తప్పుంటే గేమ్ లాగిన్‌లు, బ్యాంకు వెబ్‌సైట్లు మొరాయిస్తాయి కాబట్టి దీన్ని చిన్నదని వదిలేయకూడదు.

విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసిన గేమ్స్ ఫోల్డర్‌నే లినక్స్‌లో గేమ్స్ తెరిచే స్టీమ్ అనే ప్రోగ్రామ్‌కు కూడా చూపించి జాగా ఆదా చేద్దామని మా వాడు ఒక సెలవు రోజంతా పట్టుబట్టాడు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ అనే ఫైళ్ల అమరిక పద్ధతి మీద ప్రోటాన్ సరిగా ఇమడదు, అది తయారుచేసే కొన్ని ఫైళ్ల పేర్లు అక్కడ చెల్లవు. రెండు వైపులా ఆడాలనుకునే గేమ్‌ను రెండు చోట్లా పెట్టుకోవడమే మేలు. ఫొటోలు, పాఠాల ఫైళ్లు లాంటివి పంచుకోవడానికి విడిగా ఒక చిన్న పార్టిషన్ ఉంచాం, దానితో ఏ పేచీ లేదు.

అప్‌డేట్‌ల విషయం దాచకుండా చెప్పాలి. 2024 ఆగస్టు 13న వచ్చిన విండోస్ భద్రతా అప్‌డేట్ తర్వాత, డ్యూయల్ బూట్ ఉన్న చాలామందికి లినక్స్ తెరుచుకోవడం ఆగిపోయింది. సెక్యూరిటీ పాలసీ ఉల్లంఘన అని ఒక మాట చూపించి కంప్యూటర్ ఆగిపోయేది. లినక్స్‌ను మొదలుపెట్టే గ్రబ్ అనే బూట్‌లోడర్‌లోని పాత లోపాన్ని అడ్డుకోవడానికి చేసిన మార్పు అది. డ్యూయల్ బూట్ మెషీన్లకు అది వర్తించకూడదని మైక్రోసాఫ్ట్ ఉద్దేశం. కానీ కొన్ని మెషీన్లను ఆ అప్‌డేట్ గుర్తించలేకపోయింది. పూర్తి పరిష్కారం 2025 మే అప్‌డేట్‌లతో గానీ రాలేదు. ఎవరి ఫైళ్లూ పోలేదు, కానీ ఆ పూట పని పోయింది. ఇలాంటిది మళ్లీ రాదని నేను మాట ఇవ్వలేను. అందుకే లినక్స్ పెన్‌డ్రైవ్ ఒకటి ఎప్పుడూ సొరుగులో ఉంచుకోవాలి, లినక్స్ అప్‌డేట్‌లను వాయిదా వేయకూడదు. నేను ముఖ్యమైన పని అప్పగించాల్సిన రోజున మా వాడు విండోస్ అప్‌డేట్ నొక్కడు. ఇది మా ఇంటి ఒప్పందం, వాడు దాన్ని నిష్ఠగా పాటిస్తాడు.

బిట్‌లాకర్ ఉన్నవాళ్లకు ఇంకొక మాట. లినక్స్ మెనూ నుంచి విండోస్‌ను ఎంచుకుంటే కొన్ని మెషీన్లు రికవరీ కీ అడుగుతాయి. అలాంటప్పుడు కంప్యూటర్ ఆన్ చేయగానే వచ్చే బూట్ మెనూ నుంచే, మెషీన్‌ను బట్టి ఎఫ్12, ఎఫ్11, ఎఫ్8 లేదా ఎస్కేప్, నేరుగా విండోస్‌ను ఎంచుకోవాలి. మా ఇంట్లో అలవాటైన పద్ధతి ఇదే.

పాత కంప్యూటర్లు ఉన్నవాళ్ల గురించి కూడా మీ పత్రిక ఆలోచించాలి. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ముగిసింది. ఇళ్లలో వాడేవాళ్లకు పొడిగించిన భద్రతా అప్‌డేట్‌లు కూడా 2026 అక్టోబరు 13 వరకే అని అప్పట్లో ప్రకటించారు. విండోస్ 11 టీపీఎం 2.0 అడుగుతుంది, ఇంటెల్‌లో సుమారుగా ఎనిమిదో తరానికి ముందు ప్రాసెసర్లను ఒప్పుకోదు. అలాంటి కంప్యూటర్లు ఎన్నో ఇళ్లలో ఇంకా నిక్షేపంగా పని చేస్తున్నాయి. వాటిలో ఇంటర్‌నెట్, బ్యాంకు పనులు, ఉత్తరాలు, చదువు అన్నీ లినక్స్‌లోకి మార్చుకోవచ్చు. ఉబుంటు 24.04కు 2029 వరకు అప్‌డేట్‌లు వస్తాయి. విండోస్ 10ను పాత గేమ్స్ కోసం, నెట్ కనెక్షన్ లేకుండా, ఒక పక్కన ఉంచుకోవచ్చు. డబ్బు లావాదేవీలు మాత్రం అందులో చేయవద్దు. చెత్తలో వేయడానికి సిద్ధంగా ఉన్న మెషీన్‌ను ఇంకొన్నేళ్లు వాడుకునే దారి ఇది. మీ వ్యాసం చదివినవాళ్లకు ఈ దారి ఉందని కూడా తెలియదు.

నచ్చకపోతే వెనక్కి రావడం ఎలా అన్నది కూడా ముందే తెలిసి ఉండాలి. లినక్స్ వద్దనుకున్నవాళ్లు తొందరపడి ఆ పార్టిషన్‌ను విండోస్ నుంచి డిలీట్ చేస్తారు. ఒకే డిస్క్ మీద ఉన్నప్పుడు అలా చేస్తే, తర్వాతిసారి ఆన్ చేసినప్పుడు నల్ల తెర మీద గ్రబ్ రెస్క్యూ అని కనిపించి ఆగిపోతుంది. ముందు బయోస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ను మొదటి స్థానంలో పెట్టి, ఒకసారి దానితో తెరిచి చూసి, ఆ తర్వాతే పార్టిషన్ తీసేయాలి. రెండు డిస్క్‌లున్నవాళ్లకు ఈ బాధ తక్కువ.

సంపాదకులకు నా విన్నపం ఇది. ఆ వ్యాసానికి కొనసాగింపుగా, కొనకుండానే ఉన్న కంప్యూటర్‌ను రెండు పనులకూ సిద్ధం చేసుకోవడం గురించి ఒక వ్యాసం వేయండి. అందులో ఇన్‌స్టలేషన్ బొమ్మలకు ఎక్కువ చోటు ఇవ్వకండి, అవి తెర మీదే కనిపిస్తాయి. రికవరీ కీ, బ్యాకప్, ఫాస్ట్ స్టార్టప్, డిస్క్‌ల అమరిక, సెక్యూర్ బూట్, వీటికి ఇవ్వండి. స్నేహితుల కంప్యూటర్లు ముందేసుకుని కూర్చునే కుర్రాళ్లు కూడా మీ పేజీ చదువుతారు. ఎదుటివాళ్ల ల్యాప్‌టాప్ బయోస్ తెరిచే ముందు "బిట్‌లాకర్ కీ రాసుకున్నావా?" అని అడగమని వాళ్లకు పెద్ద అక్షరాల్లో చెప్పండి.

ఇట్లు,
మీ పాఠకురాలు